జీవమ్మ పెట్టిన తొమ్మిది వేలిముద్రలు

నాకు కోపం ముక్కు మీదుంటాదని మా ఇంట్లో వాళ్ళంటారు. అబద్ధం. ముక్కు దాకా యాడొస్తాది, అంతకుముందే నోట్లోనుంచి పోతాది. పద్నాలుగేండ్లుగా నర్సు పని చేస్తాండా. పుట్టింది మైదుకూరు కాడ, పని పత్తికొండ కాడ ఒక పల్లెలో. ఈడ అందరూ నర్సమ్మా అంటారు, యశోద అనే పేరు నాకే అప్పుడప్పుడు మర్చిపోతాది.

ఆ గురువారం నాకొచ్చిన కోపం మాత్రం అట్లాంటిట్లాంటిది కాదు.

సంగతేమంటే, బడిలో పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు ఒక సూది వేయాల. గర్భసంచి మూతికి క్యాన్సర్ రాకుండా వేసే టీకా. ఒక్కటే సూది. పదహైదు నిండినాయంటే ఇంగ ఆ పిల్ల లెక్కలోకి రాదు. అయితే ఊరికే పట్టుకొని పొడిచేది కాదు, అమ్మో నాయనో ఒప్పుకున్నట్టు కాగితం మీద రాసియ్యాల. సోమవారం పొద్దున ఇరవైమూడు కాగితాలు హెడ్మాస్టరు రాజశేఖర్ సారు చేతికిచ్చినా. గురువారం పోయేసరికి ఇరవైమూడూ నిండి, క్లిప్పు పెట్టి టేబుల్ మీద ఉండాయి. నా సర్వీసులో ఇంత బిరీన యా ఊర్లోనూ రాల్యా. సారును శానా మెచ్చుకున్నా గూడా.

ఆడ్నే కుర్చీలో కూర్చొని ఒక్కొక్కటే తిరగేస్తాండా. నాలుగోది చూసినా, ఏడోది చూసినా, మల్లా నాలుగోది తీసినా. వేలిముద్ర ఒకటే. బొటనవేలి మధ్యలో అడ్డంగా ఒక గాటు, ఎప్పుడో కత్తిపీట తెగిన గాటు. అది కాగితం మీద తెల్లగా గీత గీసినట్టు పడింది. లెక్కబెడితే తొమ్మిది కాగితాల మీద అదే గీత. ఒకదాని మీద పసుపు మరక గూడా ఉండాది.

పసుపు చూసినాక ఇంగ అడగాల్సిన పని లేకపాయ. నేరుగా వంటరూముకు పోయినా.

జీవమ్మ బడి వంటామె. యాభై ఎనిమిదేండ్లు ఉంటాయేమో, ఆమెకే సరిగా తెలీదు. పదహారేండ్లుగా ఆ పొయ్యికాడ్నే ఉండాది. మొగుడు లాజరు చర్చిలో గంట కొట్టేటోడు, ఆయన పోయి శానా ఏండ్లయింది. నేను పోయేసరికి పప్పు ఎనుపుతాండాది.

"జీవమ్మక్కా, ఈ ముద్రలు ఎవరివి?"

కాగితాలు చూసింది. తన వేలు చూసుకునింది. "నావే నర్సమ్మా. సరిగా పడల్యానా? తే, మల్లా వేస్తా," అని కొంగుకు చెయ్యి తుడుచుకునింది.

"మల్లా వేస్తావా! నీకేమన్నా తిక్క పట్టిందా? ఈ తొమ్మిది మందినీ నువ్వు కన్నావా?"

"కనల్యా. నాకు అప్పజెప్పి పోయినారు గదమ్మా," అనింది, చానా మామూలుగా. నేను అరుస్తాంటే ఆమెకు ఎందుకు అరుస్తాండానో తెలీక నా మొగం చూస్తాండాది.

ఈ అప్పజెప్పే సంగతి చెప్పాల. మా పక్క వానలు పడేది తక్కువ, పడినా పంట మూడు నెలల ముచ్చట. సంకటికి జొన్నలు ఇంట్లోకి రాంగానే సగం ఊరు సుగ్గికి పోతాది, అంటే గుంటూరు పక్కకు మిరప్పండ్లు కోసేదానికి. మల్లా ఎండలు ముదిరినాకే వచ్చేది. చదివే పిల్లోళ్ళను ముసిలోళ్ళ కాడ ఇడిచిపెట్టి పోతారు. తిండి ముసిలోళ్ళది, పడక ముసిలోళ్ళది. బడి సంగతి మాత్రం జీవమ్మది. లారీ వచ్చిన పొద్దు, చర్చి మలుపులో, తల్లి ఒక పిడికెడు జొన్నలు జీవమ్మ కొంగులో పోస్తాది, పిల్ల చెయ్యి తీసుకొని ఆమె చేతిలో పెడతాది. "ఇంగ నీ బిడ్డే అక్కా," అంటాది. అంతే. హిందువులైనా అంతే, కిరస్తానమోళ్ళైనా అంతే. ఆ పొద్దునుంచి ప్రోగ్రెస్ కార్డు మీద వేలు జీవమ్మది. కండ్లద్దాల కాగితం మీద, బూట్లిచ్చినప్పుడు పట్టీలో, అన్నింట్లో జీవమ్మదే. సారోళ్ళు గూడా, "పోయి జీవమ్మతో వేపించుకో రా," అని వాళ్ళే పంపిస్తారు.

ఈ కాగితాలు గూడా రాజశేఖర్ సారే పంపించినాడు. "సంరక్షకులు అని రాసుండాది గదా మేడమ్. ఆమె కంటే ఎవరున్నారు?" అన్నాడు. ఆయన చెప్పింది తప్పా ఒప్పా నాకు ఆ నిమిషాన తెలీల్యా. తెలీకపోతే నాకు ఇంగా కోపం వస్తాది.

డాక్టరుకు ఫోన్ చేసినా. ఆయన ఒకటే మాట చెప్పినాడు. "వంటామె వేలు చెల్లదు. ఫోన్లో తల్లో తండ్రో ఒప్పుకుంటే, సాక్షిని పెట్టుకొని రాసుకో. ఒప్పుకోకపోతే వేయద్దు. రేపు నాలుగింటికి టీకాల బాక్సు ఎనక్కి రావాల."

ఆ తొమ్మిది కాగితాల మీదా అడ్డంగా గీత కొట్టినా. కొడ్తాంటే జీవమ్మ వాకిట్లో నిలబడి చూస్తాండాది. గరిటె చేతిలోనే ఉండాది.

"నా ప్రేమజ్యోతికి వచ్చింది ఈ జబ్బే నర్సమ్మా," అనింది.

నాకు తెలుసు, ఊర్లో అందరికీ తెలుసు. ఒక్కగానొక్క కూతురు. కోయిలకుంట్లకు ఇచ్చి చేసినారు. రక్తం పోతాంటే సిగ్గుపడి ఎవరికీ చెప్పల్యా ఆ పిల్ల. చెప్పేసరికి ముదిరిపోయింది. ముప్పై రెండేండ్లకు పోయింది. ఆఖరు నెలంతా జీవమ్మే ఎత్తి కూర్చోబెట్టింది, ఎత్తి పండబెట్టింది.

"అప్పుడు ఈ సూది ఉండాదని ఎవరూ చెప్పల్యా. ఇప్పుడు ఉండాదని సారు చెప్పినాడు. కాగితం ఇచ్చి వేలు పెట్టమన్నాడు. తొమ్మిది కాదు, తొంభై ఇచ్చినా పెడతా," అనింది. ఏడవల్యా. ఏడ్చింటే నాకు బాగుండు, ఏదో ఒకటి చెప్పి ఓదార్చొచ్చు.

రెండుమూడు దినాలు కాదు, ఇప్పటికీ నా బుర్రలో తిరుగుతాండాది ఇది. మిగతా పద్నాలుగు కాగితాలు నేను ఒప్పుకున్నా కదా, అవి ఎట్లా వచ్చినాయో నాకు తెలీదా? ఒక నాయన టీ బంకు కాడ గ్లాసు పక్కనపెట్టి గెలికినాడు. ఒకామె గేదెకు నీళ్ళు పెడ్తా, "యాడ పెట్టాల?" అనడిగి పెట్టింది. చదివినోడు ఒక్కడు లేడు. అవి చెల్లినాయి. కూతురును ఆ జబ్బుతో పూడ్చిపెట్టినామె వేలు చెల్లల్యా. రూలు తప్పని అనను. రూలు లేకపోతే రేపు ఎవరో ఒకరు ఎవరి పిల్లకైనా ఏదైనా పొడిపిస్తారు. అయినా ఎక్కడో మెలిక పడింది, అది నాకు ఊడి రావడంల్యా.

శుక్రవారం ఎనిమిదింటికే బడికి పోయి ఫోన్లు మొదలుపెట్టినా. సారు పక్కన సాక్షి. స్పీకరు పెట్టి, కాగితంలో ఉండేదంతా చదివి, మల్లా మామూలు మాటల్లో చెప్పినా. చెయ్యి నొప్పి పుడతాది, జరం తగలొచ్చు, కండ్లు తిరగొచ్చు, శానా అరుదుగా ఒళ్ళంతా దద్దుర్లు లేసి ఊపిరాడకుండా అయితాది, దానికి మందు నా కాడ్నే ఉంటాది. మధ్యాన్నానికి ఎనిమిది ఫోన్లు కలిసినాయి. ఏడుమంది సరే అన్నారు. ఒకాయన మాత్రం, పిల్లలు పుట్టరంట కదా, అన్నాడు. అది ఉత్తమాట అప్పా అని పావుగంట చెప్పినా. "నేనొచ్చినాక చూస్తాం తల్లీ, ఇప్పుడొద్దు," అన్నాడు. వద్దంటే వద్దే, రాసుకున్నా. ఆ పిల్ల సంచి తీసుకొని గమ్మున క్లాసుకు పోయింది.

ఒప్పుకున్న ఇరవై ఒక్క మందికీ సూదులు వేసినా, ఇంగ మిగిలింది ఒక్కతి. చౌడప్ప, సుబ్బక్కల కూతురు అరుణజ్యోతి. ఆ పిల్లకు మరుసటి దినమే పదహైదు నిండుతాయి. ఈ పొద్దు కాకపోతే ఇంగ లేనట్టే. చౌడప్ప ఫోను పొద్దున్నుంచీ స్విచ్చాఫు. ఆ పిల్ల వరండాలో బెంచీ మీద కూర్చోనుండాది, ఎడమచెయ్యి గుడ్డ భుజం దాకా మడిచిపెట్టుకొని. ఎవరు మడవమన్నారో తెలీదు.

ఒంటిగంటకు కలిసింది. "చౌడప్పా, నేను నర్సమ్మను," అని మొదలుపెట్టినానో లేదో, సగంలోనే, "అమ్మా, మాకేం తెలుసమ్మా. జీవమ్మక్క ఏమంటే అదే నా మాట. మేస్త్రీ పిలుస్తాండాడు," అని పెట్టేసినాడు.

"అయిపాయె గదా మేడమ్! తండ్రి ఒప్పుకున్నాడు, రాసుకోండి," అన్నాడు సారు.

"ఏం ఒప్పుకున్నాడు సార్? సూది ఏందో గూడా వినల్యా. జీవమ్మ మాటే నా మాట అన్నాడు."

"అయితే జీవమ్మను అడగండి."

"నిన్న ఆమె వేలు చెల్లదని నేనే గీత కొట్టినా గదా!"

"నిన్న ఆమె సొంతంగా పెట్టింది. ఈ పొద్దు తండ్రి చెప్తే పెడ్తాది," అన్నాడు. అది తెలివో తిక్కో నాకు తేలల్యా.

మల్లా డాక్టరుకు చేసినా. "తండ్రి అంతా విని చెప్పాల. లేకపోతే నీ ఇష్టం, నీ బాధ్యత," అన్నాడు. చానా బాగుండాది. ఇష్టం నాదంట, బాధ్యత నాదంట.

సరే అని జీవమ్మను పిలిపించినా. ఎట్లాగూ ఆమె మీదికే వచ్చింది కాబట్టి, ఆమెకన్నా కాగితం సాంతం చదివి చెబుదామనుకున్నా. నిన్న ఎవరూ చదివి చెప్పల్యా గదా. చెయ్యి నొప్పి అన్నప్పుడు తల ఊపింది. జరం అన్నప్పుడు ఊపింది. ఊపిరాడకుండా అన్నప్పుడు నిలిపేసింది.

"ఇంత రాసుండాదా దాంట్లో?"

"లక్షల్లో ఒకరికి అక్కా. మందు గూడా నా సంచిలోనే ఉండాది."

"ఆ ఒకరు ఇదే అయితే?" అని బెంచీ కల్లా చూసింది. "నా బిడ్డకయితే ఇప్పుడే కండ్లు మూసుకొని వేపిస్తా. సుబ్బక్క బిడ్డకు ఏమన్నా అయితే నేను ఏం మొగం పెట్టుకొని చెప్పేది?"

"నిన్న తొమ్మిది మందికి పెట్టినావు గదా!"

"నిన్న నాకు తెలీదు," అనింది. "ఎందుకు చదివినావు నర్సమ్మా? చదవకుండా ఉంటే పెడ్తాంటి."

ఓరి దేవుడా! నేను చేసిన మంచిపని అది. తెలియకముందు వేలు పెట్టింది, చెల్లల్యా. తెలిసినాక పెట్టమంటే భయపడ్తాండాది. నాకు తల గిర్రున తిరిగింది. తండ్రి జీవమ్మ అంటాడు, జీవమ్మ తండ్రి అంటాది, సారు నన్ను చూస్తాడు, నేను డాక్టరును అడుగుతా, డాక్టరు మల్లా తండ్రి అంటాడు. గడియారం మూడయింది. బాక్సులో మంచు కరిగిపోతాండాది. చౌడప్పకు మూడుసార్లు చేసినా, మోగి మోగి ఆగిపోతాండాది.

నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతా, "ఇంగ ఎవర్ని అడగాలప్పా నేను!" అని గట్టిగా అరిచినా.

"నన్ను," అనింది బెంచీ మీది పిల్ల.

అందరం తిరిగి చూసినాం.

"పొద్దున్నుంచీ అందర్నీ అడుగుతాండారు. నన్ను ఒక్కరు గూడా అడగల్యా," అనింది. కోపంగా కాదు. నిజంగా ఎందుకు అడగల్యానో తెలుసుకుందామన్నట్టు అనింది.

నాకు సిగ్గేసింది. పోయి పక్కన కూర్చున్నా. "నువ్వేమంటావు పాపా?"

"నాకు భయం మేడమ్. అయినా ప్రేమజ్యోతి అక్కకు వచ్చింది రాకూడదు. అమ్మకు చేయండి. నాయన కాదు, అమ్మకు. అమ్మకు ఫోన్ ల్యా, నాయన్నడిగి అమ్మకు ఇప్పీండి."

పద్నాలుగేండ్ల సర్వీసు నాది. తండ్రి ఫోను నంబరు ఉంటే తండ్రినే అడిగినా. తల్లికి ఇయ్యి అనాలని తోచనే ల్యా.

నాలుగోసారికి ఎత్తినాడు. అతను మాట్లాడకముందే, "చౌడప్పా, ఫోను సుబ్బక్కకు ఇయ్యి. లేదంటే రేపు పొద్దున నేనే బస్సెక్కి ఆడికి వస్తా," అని అరిచినా. చేన్లో నడుస్తాండే సప్పుడు, మిరప ఘాటుకు ఎవరో దగ్గుతాండే సప్పుడు. తర్వాత సుబ్బక్క.

నేను మొదటినుంచీ చెప్పినా. ఆమె మధ్యలో ఊ గూడా అనల్యా. ఫోన్ కట్టయిందేమో అని రెండుసార్లు, "ఇంటాండావా సుబ్బక్కా?" అని అడిగినా. "చెప్పు మ్మా," అనింది. అంతా అయినాక, "జీవమ్మక్క కూతురిది ఇదేనా?" అనింది. అవునన్నా.

"నా బిడ్డ ఏమంటాది?"

చూడండి, ఒక్క ప్రశ్న. పొద్దున్నుంచీ ఇంతమంది చదువుకున్నోళ్ళం ఉండి, ఆ పిల్ల నోరు తెరిచేదాకా అడగంది. ఫోను అరుణజ్యోతికిచ్చినా.

"మా, నాకు భయమైతాంది మా," అనింది పిల్ల. అంతవరకూ గట్టిగా కూర్చున్నది, ఆ గొంతు వినంగానే మొగం ముడుచుకుపోయింది. "నువ్వు ఈడుంటే వేపించుకుంటా."

ఆ పక్క యాడ్నో మేస్త్రీ కేకలేస్తాండాడు, ఫోన్లు పెట్టేసి పని చూడండని.

"ఉండా," అనింది సుబ్బక్క. "ఈడ్నే ఉండా. నర్సమ్మా, వేయి. ఫోను పెట్టేయొద్దు. పొడిచేటప్పుడు చెప్పు నాకు."

సారు టైము రాసినాడు, తల్లి మాట రాసినాడు, సంతకం చేసినాడు. నేను చెయ్యి తుడిచినా. "సుబ్బక్కా, వేస్తాండా," అన్నా. "ఊ, వెయ్యి. అరుణా, నా మొగం చూసుకో," అనింది ఆమె. పిల్ల కండ్లు మూసుకునింది. జీవమ్మ పిల్ల ఇంగో చెయ్యి పట్టుకొని పెదాలు కదిలిస్తా ప్రార్థన చేస్తాండాది. అయిపోయింది. రెండు సెకండ్ల పని.

సూది వేసినాక అరగంట కూర్చోబెట్టి చూడాల. ఆ అరగంట ఫోను బెంచీ మీదే ఉండాది. మేస్త్రీ ఇంగోసారి అరిచినాడు, సుబ్బక్క పండ్లు కోస్తానే ఉన్నట్టుండాది, గోనెసంచి ఈడ్చే సప్పుడు వస్తాండాది. మధ్యమధ్యలో, "ఉండావా?" అంటాది. "ఉండా మా," అంటాది పిల్ల. అంతకంటే ఏమీ మాట్లాడుకోల్యా ఇద్దరూ. నేను గోడకల్లా తిరిగి బాక్సు సర్దినా, ఎందుకంటే నా కండ్లు నా మాట వినల్యా.

అరగంట అయింది. పిల్లకు ఏమీ కాల్యా. లేసి నీళ్ళు తాగింది. నేను ఫోను తీసుకొని, "బాగుండాది సుబ్బక్కా, ఇంగ పెట్టేస్తా," అన్నా. ప్రాణం కుదుటపడింది నాకు. ఇరవైమూడులో ఇరవై రెండు. మంచి లెక్కే అనుకున్నా.

"ఒక్క నిమిషం మ్మా," అనింది ఆమె. "ఈడ మనూరి పిల్లే ఒకతుండాది. రాహేలమ్మ మనవరాలు, మహిమ. మా అరుణకంటే రెండు నెలలు చిన్నది. ఈ యేడు బడి మాన్పించి పనికి తోడుకొచ్చినారు. నువ్వు చెప్పిందంతా నా ఎనకాల్నే నిలబడి వినింది. ఏదో అడుగుతాదంట."

నేను జాబితా తీసి చూసినా. ఆ పేరు ల్యా. బడి రిజిస్టరులోనుంచి తీసిన జాబితా అది, బడిలో లేని పిల్ల దాంట్లో ఎట్లుంటాది? ఆ పిల్ల ఒకతి ఉండాదని నాకు గురుతే రాల్యా.

"మేడమ్," అనింది సన్నటి గొంతు. మిరప ఘాటుకేమో, ఒకసారి దగ్గి మల్లా అనింది. "నాకు గూడా వేస్తారా?"

"వేస్తారు మ్మా. ఆడ దగ్గర్లో ఆస్పత్రి ఉంటాది, మీ అమ్మను తోడుకొని పో," అన్నా.

"ఆడ యా బడి పిల్లవు అని అడిగితే ఏం చెప్పాల?"

సారు నా కల్లా చూసినాడు. జీవమ్మ నా కల్లా చూసింది. ఆ పక్క పిల్ల జవాబు కోసం నిలబడి ఉండాది, మేస్త్రీ మహిమా మహిమా అని అరుస్తాండాడు.

"తెలీదు పాపా," అన్నా. "నాకు తెలీదు."